మూడు గీతలు

ప్రొద్దుటూరు కాలేజీ ల్యాబులో
ఫార్మలిన్ కంపు లేని ఆవు.
తెరమీద వేలితో గీస్తే చర్మం పోతుంది,
ఇంకో గీతకు పక్కటెముకలు.
తప్పు చేస్తే మళ్లీ కప్పేయొచ్చు.

"నెమరుసంచి ఏ పక్క?"
ఏఐ గొంతు తడుముకోలేదు: ఎడమ.
నాలుగు గదులూ నాలుగు రంగుల్లో వెలిగాయి.

సాయంత్రం కొట్టంలో
అటెండరు మద్దిలేటి నా పిడికిలి పట్టి
ఎర్రావు డొక్కలో అదిమినాడు.
"గమ్మునుండు పాపా."
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, లోపలెవరో
నిద్రలో ఒత్తిగిలినట్టు
నా చెయ్యి లేచింది.

చేతికింద గరుగ్గా మూడు గీతలు.
"ఇవేంది?"
"వాతలు. కడుపుబ్బినప్పుడు నేనే పెట్టినా."
ఆవు వైపు చూడకుండా చెప్పినాడు.

రాత్రి హాస్టల్లో తెరమీది ఆవుకు
ఎడమ డొక్కన
అవే మూడు గీతలు గీయబోయాను.

గీసిన ప్రతిసారీ
చర్మం ఊడొస్తోంది.