ఇనుము తక్కువ అద్దం

కుడికన్నుకు ఆపరేషనైనాక నలభై రోజులు
సూదిలో దారం ఎక్కించొద్దన్నాడు డాక్టరు.
మిషను మీద గుడ్డ కప్పేసినా.
చెయ్యి ఊరుకుంది గానీ కన్ను ఊరుకోదు,
దానికేదో ఒకటి చూపిస్తా ఉండాల.
కాజాలు కుట్టే వన్నూరప్ప అన్నాడు:
"చేపల తొట్టి పెట్టుకో షేకుంబీ అత్తా,
చూడ్డం తప్ప దాంతో పనేముండదు."

బుధవారపేటలో హుస్సేనప్ప అద్దాల అంగడి.
రెండు ముక్కలు తెచ్చి బల్ల మీద నిలబెట్టినాడు.
"ఇది మామూలుది. ఇది క్లియర్‌ది."
ఎదురుగా చూస్తే రెండూ ఒకటే.
"అట్ల కాదక్కా, అంచు చూడు."
మామూలు దాని అంచు
సోడాబుడ్డి పచ్చ.
రెండో దాని అంచు
ఉతికి ఆరేసిన తెల్లపంచెకు
నీలిమందు ఒక్క చుక్క ఎక్కువైనట్టు.

"ఆ పచ్చ ఎందుకొస్తాదంటే, ఇనుము.
దీంట్లో ఇనుము తక్కువ.
అందుకే ఒకటిన్నర రెట్లు రేటు."

నాకు నవ్వొచ్చింది.
నా రక్తంలో ఇనుము తక్కువని
పెద్దాసుపత్రిలో మాత్రలు ఊరికే ఇస్తారు.
అద్దంలో తక్కువైతే మాత్రం
మనమే ఎదురు కట్టాల.

కుడికన్ను చేత్తో మూసి ఎడమకంటితో చూసినా.
అది ఇంకా కొయ్యని కన్ను,
నూనె కాగితంలోంచి చూసే కన్ను.
రెండు ముక్కలూ పలచటి టీ రంగు.
ఎడమది మూసి కుడికంటితో చూసినా.
ఒకటి పచ్చ. ఒకటి ఏమీ లేదు.
ఏమీ లేనిదానికా అంత డబ్బు?

పోయిన పెళ్లిళ్ల కాలంలో
తెల్ల రవికెకు లేతపసుపు దారం వేయించింది
నూనె కాగితం చూపే.
ఆ పిల్ల ఏమీ అనలేదు.
డబ్బులు పూర్తిగా ఇచ్చి
మళ్లీ రాలేదు.

అంగడి గోడ మీద, గడియారానికి జానెడు పైన
మట్టిగీత ఒకటుంది, ఎన్నిసార్లు సున్నం కొట్టినా పోనిది.
వరద వచ్చి తీసుకుపోయిన కొలత.
ఆ రోజు నీళ్లకూ మాకూ నడుమ
ఏ అద్దమూ లేదు, మందంది గానీ పలచంది గానీ.
దారపుండలన్నీ ఒకదాని రంగు ఒకదానికి అంటించుకొని
మంచం కింద తేలినాయి.
ఇప్పుడు నేనే డబ్బిచ్చి
నూరు లీటర్లను ఇంట్లోకి పిలుస్తాండ.
నా చూపెక్కడుందో చూసి
హుస్సేనప్ప గొంతు తగ్గించినాడు.
"మూలల్లో సిలికాన్ మందంగానే పెడ్తాలే అక్కా."

రవికెకు పైన పట్టు, లోపల లైనింగు.
కనపడే పక్కకే ఖర్చు.
"ముందు పలక ఒక్కటీ క్లియర్‌ది పెట్టు.
మిగతా మూడు పక్కలూ మామూలుదే."
"దర్జీ లెక్క" అని చీటీ మీద రాసుకున్నాడు.
"ఒకటి గుర్తుపెట్టుకో. గీత పడ్తే
మంచి దాంట్లోనే ముందు కనపడ్తాది."

ఇరవై రోజులైంది. ఎర్రచేపలు నాలుగు.
పక్క అద్దం వెనక తిరిగేటప్పుడు
తుంగభద్ర అడుగున ఉన్నట్టుంటాయి.
మూల తిరిగి ముందుకొస్తే
ఇప్పుడే అద్దకం తొట్లోంచి తీసినట్టు.
వన్నూరప్ప ఎదురుగా కూర్చుంటాడు.
నేను పీట పక్కకు లాక్కుంటా.

వచ్చే నెల ఎడమకన్ను.
రేపే చేస్తామంటే రేపే పోతా,
దారం తేడా తెలియాల గదా.
అయినా రాత్రి లైటార్పేముందు
కుడికన్ను మూసి ఒకసారి చూసుకుంటా.
టీ నీళ్లలో నారింజ చేపలు.
ఈ తొట్టి ఇంకో నెలకు
ఏ అంగట్లోనూ దొరకదు.

మొన్న పాచి తుడుస్తా
వన్నూరప్ప గుడ్డలో ఇసుక రేణువుండి
ముందు పలక కింద మూలన గీత పడింది.
వెంట్రుకంత.
వానికి చెప్పలేదు.
కుడికంటికి ఉంది.
ఎడమకంటికి లేదు.