గోరంత

లానెల్లీలో వాన పడితే
అందరూ లోపలికి పరిగెడతారు.
డెలిత్ ఒక్కతే బయటికి.
పసుపు కోటు, జేబులో మైనపు బలపాలు,
గొడుగు మాత్రం లేదు.
బడి వెనక కార్లు నిలిపే తారు మీద గొంతుక్కూచుని
నీళ్ళు ఏ దారిన పోతున్నాయో
ఆ తడి మీదే గీస్తుంది.

కిటికీలోంచి చూస్తాడు టెక్విన్,
ముప్పై ఒక్కేళ్ళుగా ఆ బడిని కనిపెట్టుకుని ఉన్నవాడు.
నీళ్ళను చీపురుతో మురుగు జాలీలోకి తరమడం
ఆయనకు పొద్దుటి టీ లాంటి అలవాటు.
ఆ గట్టురాళ్ళు పేర్చిందీ ఆయనే,
దారం కట్టి, మట్టం చూసి,
చుక్క కూడా గడ్డిలోకి జారకుండా.

"ఇక్కడ కొయ్యాలి" అందామె
రంపం చేతికిస్తూ.
మూరెడు వెడల్పు.
లేచిన తెల్లదుమ్ము ఆయన కనుబొమల మీద
సాయంత్రం దాకా ఉండిపోయింది.

గట్టు అవతల పల్లంగా తవ్విన మడి.
అడుగున కంకర, పైన ఇసుకమన్ను,
తుంగ, పసుపు ఐరిస్,
నాలుగో తరగతి పిల్లలు పేర్లు రాసి గుచ్చిన
ఐస్‌క్రీము పుల్లలు.

నీరు పల్లమెరుగు అంటాం.
ఎరగలేదు.
మంగళవారం వాన
కోసిన చోటు ముందునుంచే,
అప్పులవాడు ఎదురైతే తల తిప్పుకున్నట్టు,
పాత జాలీకే పోయింది,
కార్ల నూనె రంగుల్ని వెంటేసుకుని.

చెప్పానా, అనబోయాడు టెక్విన్.
అనలేదు.
మోకాళ్ళ మీద వంగి
కోసిన అంచు అడుగున వేలు పెట్టి చూశాడు.
అప్పుడెప్పుడో తను పోసిన సిమెంటే,
పెదవిలా పైకి లేచి ఉంది,
బొటనవేలి గోరంత.
నీటికి అదే కొండ.

ఉలి తెమ్మన్నాడు.
వానలోనే చెక్కాడు.
డెలిత్ ఏదో చెప్పబోతే
ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

ముందు ఒక ఎండుటాకు తిరిగింది.
తర్వాత చిప్స్ కవరు.
ఆ తర్వాత నీరు
అటా ఇటా అని కాస్త తటపటాయించి
మడిలోకి దిగింది.
కంకర గుటకలేస్తున్న చప్పుడు
ఇద్దరూ విన్నారు, ఎవరూ మాట్లాడలేదు.

దిగువ వీధి చివర
వానొస్తే మురుగు మూత లేచే ఇల్లు ఐర్లిస్‌ది.
ఆ సాయంత్రం మూత లేవలేదు.
అయినా గుమ్మంలో ఇసుక బస్తాలు
ఆమె తియ్యలేదు.
ఒక్క వానను నమ్మి తీసేస్తారా ఎవరైనా?
పై బస్తా మీద
పిల్లి పడుకుంది, పొడిగా.