రెండొందల పన్నెండు అడుగులు

హొరమావులో మా వీధి చివర
కోర్టు గొడవలో చిక్కిన ఖాళీ సైటు.
ఈ స్థలం అమ్మకానికి లేదు అన్న బోర్డు
సగం తుప్పు, సగం తీగ.
దాని వెనక, నాకంటే మూరెడు ఎత్తున
ఆ పొద.

ముందు పళ్ళే కనబడ్డాయి.
పసుపుముద్దని చిన్న చిన్న ఉండలు చేసి
గుత్తులుగా వేలాడదీసినట్టు.
ఒక్కో పండు కొసన వంకర మూతి,
ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టు.

ఉదయగిరి కొండకింద కంపల్లో తిరిగినదాన్ని నేను.
పరికి, బలుసు, కలివి, నక్కెర...
ఏది తింటే నాలుక నల్లబడుతుందో
ఏది తింటే వీపు పగులుతుందో తెలుసు.
ఇది మాత్రం తెలియలేదు.
వారం రోజులు చెప్పులో రాయి.

ఆకు నలిపి వాసన చూశాను: లాంటానా కాదు.
కొమ్మ వంచాను: ఆకులు ఎదురెదురుగా, జంటలుగా.
ముల్లుంది, కానీ అన్నిచోట్లా లేదు.
పళ్ళున్న కొమ్మకే పూలూ,
ఉతికి ఉతికి వెలిసిన ఊదారంగు రవికె గుడ్డలా.
ఒక గుత్తి తుంచి
టిఫిను డబ్బా మూతలో పెట్టుకుని అందర్నీ అడిగాను.

ఇస్త్రీబండి సెల్వి "మా సేలంలో చూళ్ళేదక్కా" అంది.
మూడో అంతస్తు రిటైర్డు బ్యాంకు మేనేజరు
కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
"ఖచ్చితంగా ఫారిన్‌ది" అన్నాడు.
నర్సరీవాడు మూతలోకి చూడకుండానే
కుండీతో సహా నూటయాభై అన్నాడు.
పక్కింటి తన్వీర్ వేలితో పొడిచి
"తినొచ్చా ఆంటీ?"
"ఏమో."
అరవై రెండేళ్ళకి నా నోట
ఒక పండు గురించి, ఏమో.

పిగిలిపిట్టలు మాత్రం
ఎవర్నీ అడక్కుండా తింటున్నాయి.

శనివారం అంజినప్ప వచ్చాడు, బాగేపల్లి మనిషి,
చేతిలో బారెడు కత్తెర.
మూతలోకి చూసి నవ్వాడు.
"నోట్లో పెట్టొద్దమ్మా, విషం.
ఇదేం కొత్త గిడమా? మీ గేటుకాడుండేదే.
నర్సరీలో దురంత అంటారు."
దురంతం. పొద్దున పేపర్లో
మొదటి పేజీ మాట.

గేటు వైపు తిరిగాను.
నడుమెత్తున, చదరంగా,
ముడత లేకుండా దుప్పటి పరిచినట్టు
పసుపుపచ్చని కంచె.
పదకొండేళ్ళుగా దాని పక్కనే నిలబడి
ఆటోల కోసం తిట్టుకున్నాను.
"దీనికి పళ్ళా?"
"పదైదు దినాలకొకసారి గొరిగితే యాడ కాస్తుందమ్మా.
పువ్వు రావాలన్నా కొమ్మ ముదరాల గదా."

పోయినేడాది అసోసియేషన్ లెక్కలు రాసింది నేనే.
ఆ రాత్రి పుస్తకం తీసి చూసుకున్నాను, నా దస్తూరీలో:
హెడ్జి, రెండొందల పన్నెండు అడుగులు,
నెలకి రెండు కోతలు.
పేరు కోసం ఒక గడి కూడా గీయలేదు.

కానీ అది రాత్రి సంగతి. అప్పటికి
కత్తెర మొదలైపోయింది.
తన్వీర్ ఇంకా కదల్లేదు.
"మరి ఆ సైటులోది దీనికేమవుతుంది?"
"చెల్లెలు" అన్నాడు అంజినప్ప తలెత్తకుండా.
"బడికి పోలేదు."

ట్రాన్స్‌ఫార్మర్ వెనక
కరెంటుకి జడిసి కత్తెర వెళ్ళని మూల ఒకటుంది.
పుస్తకం మూసి, టార్చి పట్టుకుని దిగాను.
రెండు జానల కొమ్మ.
పువ్వు లేదింకా.
చెయ్యి పెడితే
ముల్లు గుచ్చుకుంది.