ముప్ఫై తొమ్మిది నిమిషాలు

నల్లటి తెర మీద ఒకటే తెల్ల గీత
పొద్దుట్నుంచి రెప్పలార్పుతోంది.
ఆపరేటింగ్ సిస్టమ్ కనబడలేదట.
దానికే కనబడకపోతే
నేనెక్కడని వెతకను?

చూళైలో సెప్టెంబరు ఉక్క.
కేబినెట్ మూత విప్పితే
ఇరవై ఏళ్ళ దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు,
ఎప్పుడో పోయిందని ఇల్లంతా ఊడ్చి వెతికిన
నా ముక్కుపుడక మర.

రిచీ స్ట్రీట్ నుంచి ఇళంపరిది వచ్చాడు
చెవి మీద స్క్రూడ్రైవరు, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు.
"తూకానికేసి కొత్తది కొనుక్కో అక్కా" అన్నాడు తమిళంలో.
నేను తెలుగులో కుదరదన్నాను.
ఇద్దరికీ అర్థమైంది.

సీడీ పెట్టె తెరుచుకోకపోతే
నా చీర పిన్నీసు తీసుకుని చిన్న చిల్లులో గుచ్చాడు.
డాక్టరు ముందు పసిపిల్లలా
పొడుగ్గా నాలుక చాపింది.

"సి తుడిచెయ్యనా?"
"నా కాయితాలన్నీ డిలో ఉన్నాయి, తుడిచెయ్"
గచ్చు కడగమన్నంత తేలిగ్గా అన్నాను.

ముప్ఫై తొమ్మిది నిమిషాలు మిగిలాయంది.
టీ తాగాం.
ముప్ఫై నాలుగు దగ్గర ఆగి ఎంతకీ కదల్లేదు,
పెరంబూరు వంతెన మీద ఇరవై తొమ్మిది సి బస్సులా.
వాడు ఫోన్లో క్రికెట్ చూశాడు.
నేను కుక్కరెక్కించి, మూడు కూతలకి దింపి వచ్చాను.
ముప్ఫై నాలుగే.

ఆ తర్వాత తాళంచెవి అడిగింది,
కేబినెట్ పక్కన అంటించిన ఇరవై అయిదు అక్షరాలు.
ఒకటి అరిగిపోయింది. బీనో, ఎనిమిదో.
ఇద్దరం మోకాళ్ళ మీద కూచుని టార్చి వేసి
రాగిరేకు శాసనం చదివినట్టు చదివాం.
బీ కాదు. ఎనిమిదీ కాదు.
ఆరు.

పేరడిగింది. చెంచులక్ష్మి అని కొట్టాను.
తేదీ మాత్రం అడగలేదు, తనే చెప్పింది:
జనవరి ఒకటి, రెండు వేల రెండు.
లోపల బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయిందట,
ముప్ఫై రూపాయలట, ఈసారొచ్చినప్పుడు తెస్తాడట.
తొందరేం లేదన్నాను.
ఆ ఏడు నాదముని మాస్టారి బడికి
పదో తరగతి తెలుగు పేపరు
డెబ్బై రెండు కాపీలు తీసింది ఈ పెట్టే.
ఈ ఏడు నాలుగు.

అప్పుడు డి తెరిచాను.
అన్నీ భద్రం. ఆరో తరగతి అర్ధ సంవత్సరం,
ఏడో తరగతి యూనిట్ పరీక్ష, మాస్టారి పదవీ విరమణ సన్మానపత్రం.
ఒకటి నొక్కాను.

తెలుగు లేదు.
నెత్తిన చుక్కలున్న గుర్తులు, తోకలున్న సున్నాలు,
ఏ దేశానిదో డబ్బు గుర్తు, విరిగిన కొడవళ్ళు,
వరసగా, మార్జిన్ తప్పకుండా,
బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

ఫాంటు సిలో ఉండేదట.
కాయితాలు ఒక గదిలో దాచి
కళ్ళజోడు ఇంకో గదిలో పెట్టి
ఆ గది నేనే కడిగించాను.

ఇళంపరిది తల గోక్కున్నాడు.
స్ట్రీట్లో ఒక పెద్దాయన దగ్గర పాత సీడీల మూట ఉందట,
శనివారం అడుగుతాడట.
డబ్బులిస్తే సగమే తీసుకున్నాడు.
పరీక్ష సోమవారం.

వాడు వెళ్ళాక చాలాసేపు ఫ్యాను చూశాను.
తర్వాత కుర్చీ ముందుకి లాక్కున్నాను.

క్ష ఎక్కడుందో తెర మరిచిపోయింది కానీ
ఉంగరపు వేలికి తెలుసు.
టకారం వొత్తు కోసం చిటికెనవేలు
నన్నడక్కుండానే పక్కకి జరిగింది.
మీట మీటకీ తెర మీద ఒక పిచ్చిగీత పడుతుంటే
లోపల నాకు మాత్రం చక్కగా వినబడుతోంది:
కింది పద్యానికి ప్రతిపదార్థం రాయుము.
సంధి విడదీసి పేరు తెలుపుము.
నలుగురిలో ఒకడికి వొత్తులంటే భయం,
వాడి కోసం మూడో ప్రశ్న కాస్త సులువు చేశాను.
తప్పొచ్చిందో లేదో శనివారం దాకా తెలియదు.

నాలుగు. ఖాళీలను పూరింపుము.
ఆ పిచ్చిగీతల మధ్య
అయిదు చుక్కల గీతలు పెట్టాను.
పేజీ మొత్తంలో అవే
ఉన్నవి ఉన్నట్టు కనబడ్డాయి.