టేకల్ దాకా పోవద్దు

మార్గశిరం మంచు
కె.ఆర్. పురం సందులో
వీధి దీపానికి ఉన్నిటోపీ తొడిగింది.
నాలుగుంబావు.
వెనక టార్పాలిన్ కింద మూడొందల కట్టల కొత్తిమీర
తడి గోనెల్లో ఊపిరి పీలుస్తోంది.
ఐదున్నరకి కళాసిపాళ్యంలో దించకపోతే
ఆ తర్వాత అది ఆవులకే.

మటడోర్ లేవనంటోంది.

తిట్టేముందు వినాలి, బండి ఏం చెబుతోందో.
హారన్ కొట్టాను. కుక్క లేచింది.
గొంతు గట్టిగానే ఉంది.
స్టార్టర్ లాగినా గోడ మీది హెడ్‌లైటు పెద్దగా వాడలేదు.
అంటే బ్యాటరీ తప్పు కాదు.
నిద్రలో పళ్ళు కొరికే పిల్లాడిలా
ఇంజిన్ తిరుగుతోంది, తిరుగుతోంది,
సైలెన్సర్‌లోంచి పచ్చి డీజిల్ వాసన,
పలచటి తెల్లపొగ.
అంటే నూనె అందుతోంది.
అందనిది నిప్పు ఒక్కటే.

అప్పుడు చూశాను డ్యాష్‌బోర్డులో
జల్లెడ కన్ను వెనకుండే తీగచుట్ట.
నాబ్ లాగి పట్టుకుంటే రోజూ
కుంపట్లో బొగ్గులా ఎర్రబడేది,
ఇవాళ నల్లగా,
నాకేం తెలీదన్నట్టు.

ఈ బండి నాకమ్మిన చెంగల్రాయుడన్న
గడియారం చూసేవాడు కాదు.
నాబ్ లాగి రైలు స్టేషన్లు చెప్పేవాడు,
ఊరికి రెండు ఊపిర్లు:
హూడి... వైట్‌ఫీల్డ్... దేవనగొంది...
మాలూరు... టేకల్...
బంగారుపేట వచ్చిందంటే
లోపల నాలుగు ప్లగ్గులూ కాగినట్టే.
ఇవాళ బంగారుపేటకి మూడుసార్లు పోయొచ్చాను.
ప్లాట్‌ఫారం మీద ఒక్క దీపం లేదు.

పక్కింటి సొణ్ణప్ప దుప్పట్లోంచి తల బయటపెట్టి
డీజిల్ గుడ్డ వెలిగించి గాలిగొట్టం దగ్గర పట్టమన్నాడు.
అట్లా పట్టే ఆయన కనుబొమలు పోయింది.
తోద్దామంటే దారి ఎత్తు,
తోసేవాళ్ళు ఇంకా గురకల్లో ఉన్నారు.

దస్తగిరికి ఫోన్ చేశాను.
లుంగీ మీద స్వెట్టరు, చెవులకి మఫ్లరు,
జేబులో ఒకే ఒక్క స్క్రూడ్రైవరు.
సీట్ల మధ్య ఇంజిన్ మూత ఎత్తాడు.
ఆ మూత వెచ్చదనం మీదే మా చిన్నది
రెండేళ్ళు మధ్యాహ్నాలన్నీ పడుకుంది.
"అక్కా, ఇవి నాలుగూ చెయ్యీ చెయ్యీ పట్టుకోనుండాయి.
ఒకటి వదిలేసిందంటే కరెంటు ఎవరికీ రాదు,
పెళ్ళిపందిట్లో సీరియల్ సెట్టు మాదిరి.
నువ్వు నాబ్ పట్టుకో, కన్ను చూడు."

నాలుగోదాని రెండు కొసలకీ స్క్రూడ్రైవరు అడ్డం పెట్టాడు.
"ఎర్రబడిందా?"
"లేదు."
మూడోది.
"ఇప్పుడు?"
చిటుక్కుమని ఒక రవ్వ,
జల్లెడ వెనక మెల్లమెల్లగా
ఒక దానిమ్మగింజ పండింది.
"వచ్చింది" అన్నాను,
గొంతు నాదిలా లేదు.

కొత్త ప్లగ్గు జె.సి. రోడ్డులో దొరుకుతుంది,
షాపు తెరిచేది పదికి.
అందాకా మూడోదాన్ని దాటేసి
లావుపాటి రాగితీగ ఒకటి బిగించాడు.
"జాగ్రత్తక్కా. నలుగురు పంచుకునే వేడి
ఇప్పుడు మూటికే వస్తాది.
ఎక్కువసేపు పట్టినావా, ఇవీ కాలిపోతాయి.
టేకల్ దాకా పోవద్దు,
మాలూర్లోనే దిగిపో."

దిగాను.
మొదటిది దగ్గింది,
మూడోదాని వంతు ఖాళీగా పోయింది,
నాలుగోది అందుకుంది, వెనకే రెండోది.
కుంటుతూ బండంతా వణికింది.
పొగ సందు నిండి మంచుకే దగ్గొచ్చింది.
ఏదో కిటికీలోంచి కన్నడంలో
మా ఏడు తరాలనీ పేరుపేరునా పలకరించారు.
నీళ్ళట్యాంకు మలుపు దాకా అదే కుంటు.
అక్కడ, పక్కవాటి వేడి తగిలి
మూడోది నిద్రమత్తులోనే
లెక్కలో కలిసింది.

కళాసిపాళ్యం చేరేసరికి ఐదూ నలభై.
కట్టకి రూపాయిన్నర కోశాడు మండీ ఆయన.

ఇది పోయినేటి మార్గశిరం మాట.
రాగితీగకి పచ్చటి చిలుం పట్టింది.
పది గంటలకి షాపు తెరిచే వేళకి
నేనెప్పుడూ ఇంకెక్కడో ఉంటాను.
దస్తగిరి కనిపించినప్పుడల్లా అడుగుతాడు, మార్చినావా అని.
తల అడ్డంగా ఊపుతాను.
ఇంకా రోజూ మాలూర్లోనే దిగుతున్నాను.