తడివేలి లెక్క

ఉరవకొండలో దీపాలు పెట్టేయాళకు
ఓబులమ్మ ఇస్త్రీపెట్టె మళ్ళా తెచ్చింది.
"కాగదప్పా. తీగె సచ్చిందేమో సూడు."

మీటరు పెట్టినా: నూటయాభై ఓల్టులు, మూడు ఆంపియర్లు.
షట్టరు మీద సుద్దతో భాగిస్తే యాభై ఓములు.
పొద్దున రెండువందలకు నాలుగు లాగినప్పుడూ యాభయ్యే.
తీగె మొండితనం తీగెదే.

హెచ్చవేసి సూస్తే
ఎనిమిది వందల వాట్లు కాస్తా నాలుగువందల యాభై.
ఓల్టేజి రూపాయికి పావలా పడితే
ఏడి దగ్గరదగ్గర అర్ధరూపాయి పాయ.

"నీ పెట్టెది తప్పులేదక్కా."
వేలు తడిపి అడుగున తాకించింది.
సుయ్యిమనలేదు, సు... అనింది, అంతే.
"సగమే" అనింది,
నా సుద్దరాతల దిక్కు సూడకుండానే.

మూటలో బడిపిల్లోళ్ళవి ఇరవై జతలు.
అంగట్లో లైటు ఆర్పేసినా,
ఒక ఓల్టన్నా పెరుగుతుందేమోనని.