కోర్ దొరకని చోటు

పీణ్య రెండో స్టేజిలో
బేరింగుల గోడౌనుకీ పౌడర్ కోటింగ్ షెడ్డుకీ మధ్య
రేకుల కప్పు కింద
నా బల్లంత ఎత్తున భూమి పడుకుని ఉంటుంది
నిలువుగా తీసి, అడ్డంగా పేర్చింది.

రాత్రి హద్దు అవతలి గుట్టల్లోంచి
లారీ దించిపోయిన ట్రేలు ఇరవై రెండు.
ఏడో బోరు.
నీళ్లు చిలకరిస్తాను.
తడిస్తేగాని రాయి తన రంగు చెప్పదు.
నల్ల షిస్టు, పచ్చ షిస్టు,
మధ్యలో చిటికెన వేలంత క్వార్ట్జ్,
అంచున తుప్పు.
లెన్సు కంటికి ఆనించి నాలుగేళ్లు.
కళ్లతో బంగారం చూసింది ఒక్కసారే.
అదీ పైరైటని తేలింది.

టన్ను రాయికి ఒక గ్రాము వస్తే మాకు పండగ.
కొండను తవ్వి ఎలుకను పట్టడం కూడా కాదిది,
ఎలుక మీసాన్ని.

అరవై రెండు మీటర్ల దగ్గర
డ్రిల్లరు చీటీ, గ్రీజు వేలిముద్రతో:
"రాడ్ జారింది. నీళ్లు తిరిగి రాలేదు.
మీటరు తొంభై, కోర్ లేదు."
అలాంటి చోట ట్రేలో కొలత రాసిన చెక్క దిమ్మె పెడతారు.
ఈసారి దిమ్మె పక్కన ఇంకో చెక్క ఉంది.
ఎవరూ పెట్టింది కాదు.
జానెడు పొడవు, నానినాని నల్లబడి,
ఒళ్లంతా బురదతో,
డైమండ్ బిట్టు గుండ్రంగా కోసుకొచ్చింది.

వాచ్‌మన్ చౌడప్ప టీ గ్లాసులు కిందపెట్టి
దాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.
"సరుగుడమ్మా. కొసన పట్ట చూడు, తీయకుండానే నిలబెట్టినారు.
మా నాయన గనిలో దిగేది ఈ పనికే.
పైరాయి కూలే ముందు దుంగ మూలుగుతాదంట.
మూలగని దుంగను నమ్మొద్దనేవాడు."
గోరుతో ఒక గాటు చూపించాడు.
గొడ్డలిది, వాలుగా.
ఎడమచేతి వాటం మనిషిదట.

ఎవరో ఎడమచేతి మనిషి.
ఏ మ్యాపులోనూ లేని సొరంగం.
గుడ్డ మీద అతికించిన మా పాత మ్యాపు
చెదలు తిన్న మూల దగ్గరే ఆగిపోతుంది.

పట్టికలో క్వార్ట్జ్‌కి ఒక అంకె, షిస్టుకి ఒకటి,
బురదకీ ఉంది.
సరుగుడుకి లేదు.

బురద గీకితే రెండు గుప్పెళ్లు వచ్చింది.
సంచిలో వేసి నంబరు కట్టాను.
బొమ్మసంద్ర ల్యాబులో సీసంతో కలిపి కాలుస్తారు,
ఎముకల బూడిద మూసలోకి సీసాన్ని ఇంకనిచ్చి
చివర మిగిలే పూసని,
ఆవగింజలో ఆవగింజని, తూస్తారు.
పన్నెండో రోజు మెయిలొచ్చింది.
రాయంతా సున్నా పాయింట్ రెండు, సున్నా పాయింట్ నాలుగు, సున్నా.
బురద పదకొండు గ్రాములు.

నంజుండయ్య సార్ కుర్చీలోంచి లేచారు.
"ముంబై వాళ్లకి సాయంత్రమే పంపుదాం.
వ్యాఖ్యల గడి ఖాళీగా వదిలెయ్యమ్మా."
చెడ్డ మనిషి కాదు.
పోయిన నెల డ్రిల్లు డీజిలుకి
భార్య గాజులు కుదువ పెట్టారు,
బంగారం కోసం బంగారం.

కానీ అది రాయి కాదు.
తవ్వి, ఇది మనకు చాలదని
పాతవాళ్లు కాళ్లకింద తొక్కి నింపిన మిగులు.
దాన్ని సాగదీసి గుట్ట పొడవునా గీత గీస్తే
కాగితం మీద గని పుడుతుంది.
కింద మాత్రం మీటరు తొంభై గాలి.

పైన మెట్రో పోయింది.
ట్రేలలో రాళ్లు సన్నగా గలగలమన్నాయి.
చెక్క మూలగలేదు.

గడిలో రాశాను:
"పాత తవ్వకం. ఖాళీ. నింపిన మట్టి నుంచి నమూనా.
సరుగుడు దుంగ ఒకటి. గొడ్డలి గాటు, ఎడమచేతిది."

సార్ రెండుసార్లు చదివారు.
కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.
ఎడమచేతిని మాత్రం కొట్టేసి
మిగతాది అలాగే పంపారు.

ఎనిమిదో బోరు ఉంటుందో లేదో తెలీదు.
చౌడప్ప చల్లారిన టీ పారబోసి వేడిది తెచ్చాడు.
చెక్కని దాని కొలత దగ్గరే పడుకోబెట్టి
అన్ని రాళ్ల మీదా గీసినట్టే
దాని మీదా ఎర్ర పెన్సిలుతో బాణం గీశాను,
కిందు ఎటో తెలిసేలా.